పెట్టి పుట్టినవాళ్ల పనేనా రాత?

సంపాదకులకు,

ఆర్యా,

రెండు వారాల కిందటి మీ ఆదివారం అనుబంధంలో ఒక వ్యాసం చదివాను. రచనను నమ్ముకొని ఇల్లు గడుపుకోవడం పెట్టి పుట్టినవాళ్లకే దక్కే భాగ్యమని, అది దక్కినవారు సంతోషించాలే తప్ప డబ్బు లెక్కలు మాట్లాడరాదని వ్యాసకర్త రాశారు. మొదటి సగంతో నాకు చాలావరకు పేచీ లేదు. రెండో సగం మాత్రం చదివిన రోజు నుంచి కాలిలో విరిగిన ముల్లులా సలుపుతున్నది. అందుకే ఈ ఉత్తరం, కొంచెం పొడుగైనా మన్నించి అచ్చు వేయగలరు.

నేను రాతతో బతికేవాణ్ణి. నల్లగొండ కలెక్టరేట్‌కు పోయే తోవలో వేపచెట్టు కింద బల్ల వేసుకొని ఇరవై ఆరేళ్లుగా అర్జీలు, అఫిడవిట్లు, కౌలు కాగితాలు, అన్నదమ్ముల పంపకాల ఒప్పందాలు రాస్తున్నాను. రాత్రిపూట కథలు రాస్తాను. రెండు సంపుటాలు వచ్చాయి. మా వైపు రైటర్ అనే మాట ఇద్దరికే చెల్లుతుంది. పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు రాసుకునే కానిస్టేబులు ఒకరు, రిజిస్ట్రేషన్ ఆఫీసు చుట్టుపక్కల దస్తావేజులు, దరఖాస్తులు రాసే నావంటి వాడు ఇంకొకరు. కథలు రాసేవాణ్ణి ఎవరూ రైటర్ అనరు, ‘పేపర్ల పేరొస్తది ఆయనది’ అంటారు. కాబట్టి నన్ను ఎవరైనా ‘రైటర్ సాబ్’ అని పిలిస్తే అది నా పగటి పనికి దక్కిన మర్యాద మాత్రమే.

మొన్న ఒక సోమవారం, కలెక్టరేట్‌లో జనం దగ్గర అర్జీలు తీసుకునే ప్రజావాణి రోజు, దేవరకొండ వైపు నుంచి ఒక అవ్వ వచ్చింది. నాలుగు నెలలుగా పింఛను ఆగిపోయింది. మిషన్ మీద వేలు పెడితే ముద్ర పడడం లేదట. ఆమె చెప్పిందంతా విని అర పేజీ అర్జీ రాసి చదివి వినిపించాను. ‘వేలిముద్ర నమోదు కానందున’ అన్న దగ్గర ఆపింది. “అట్ల గాదు కొడుకా. ఏలు అరిగిపోయిందని రాయి. పత్తి ఏరి ఏరి అరిగింది. ఆ సారుకు అది తెల్వాలె” అన్నది. కొట్టివేసి, కొత్త కాగితం మీద ఆమె చెప్పినట్టే రాశాను. కొంగు ముడి విప్పి యాభై రూపాయల నోటు తీసింది. పింఛను వచ్చినంక ఇద్దువులే అంటే ఒప్పుకోలేదు. “పని జేసినవ్, పైసలు దీస్కో. ఊకెనే రాపిచ్చుకుంటె నా అర్జీ పారుతదా?” అన్నది. ముప్పై ఏళ్ల సాహిత్య జీవితంలో నా వాక్యాన్ని అంత సరిగ్గా దిద్దినవారు గాని, రాసిన వెంటనే డబ్బు చేతిలో పెట్టినవారు గాని నాకు ఇంకొకరు తారసపడలేదు.

ఇక రాత్రి పని సంగతి. 1996లో నా మొదటి కథ ఒక వారపత్రికలో అచ్చయిన మూడు నెలలకు 100 రూపాయల మనియార్డరు వచ్చింది. పోస్ట్‌మ్యాన్ అయిదు రూపాయలు మామూలు తీసుకొని తొంభై అయిదు ఇచ్చాడు. ఆ ఫారం కింద చింపి ఇచ్చే చిన్న ముక్క ఇప్పటికీ నా దగ్గర ఉంది. దాని మీద ఎవరిదో గుండ్రటి చేతిరాతతో ‘మీ కథకు పారితోషికం’ అని ఉంటుంది. అప్పుడు ఆ మాట చూసి గర్వపడ్డాను. ఆలోచించడం మొదలుపెట్టింది చాలా ఏళ్ల తర్వాత. వకీలు తీసుకునేది ఫీజు. కైకిలికి పోయినామె తీసుకునేది కూలి. జీతగాడు తీసుకునేది, ఎంత తక్కువైనా, జీతం. రాసినవాడికి ఇచ్చేది మాత్రం పారితోషికం. పరితోషం అంటే సంతోషం కాబట్టి, సంతోషించి ఇచ్చేది పారితోషికం. సంతోషించి ఇచ్చేదానికి రేటు ఉండదు, గడువు ఉండదు, రాకపోతే అడగడానికి మొహం చెల్లదు. మీ వ్యాసకర్త చెప్పిన ‘భాగ్యం’ ఈ మాటకు సొంత తోబుట్టువు.

శాలువాల గురించి రాయకూడదనుకున్నాను గాని ఆగలేకపోతున్నాను. మా ఇంట్లో బీరువా అడుగు అరలో పద్నాలుగు శాలువాలు ఉన్నాయి. ప్రతి సభకూ బస్సు చార్జీలు నావే. శాలువా చూపిస్తే టికెట్ కొట్టని కండక్టర్ మన ఆర్టీసీలో ఇంకా పుట్టలేదు.

రాసి, పాడి, చెప్పి బతకడం మా ప్రాంతానికి కొత్తదేమీ కాదు. పాలమూరు, నల్లగొండ ఊళ్లలో మాట మీద బతికే కులాలే ఉండేవి. చిందువారు, డక్కలివారు, పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పే కూనపులివారు, ఇట్లా ఒక్కో కులానికీ దాని పురాణం చెప్పేవారు ఉండేవారు. ఏ ఊళ్లు ఏ కుటుంబానివో పంపకం ఉండేది. దాన్ని మిరాశి అనేవారు. కథ చెప్పినందుకు ఆ కులంవారు ఇచ్చే ధాన్యాన్ని, డబ్బును త్యాగం అనేవారు. త్యాగం అందకపోతే నిలబడి అడిగే హక్కు కథకుడికి ఉండేది. నేను దీన్ని బంగారు కాలమని చెప్పడం లేదు. ఆ హక్కుతోపాటే డక్కలివారు ఊరవతల గుడిసె వేసుకోవాలన్న కట్టడీ ఉండేది, ఇంకో పని చేసే దారి లేకపోవడమూ ఉండేది. కానీ ఒక్క మాట గమనించండి. అప్పుడు త్యాగం అంటే కథకుడికి ఇచ్చేది. ఇప్పుడు సాహిత్య సభల్లో త్యాగం అంటే కథకుడు చేసేది. మాట అదే, డబ్బు నడిచే దిక్కు మారింది.

ఆ పరంపరలోనివారే నాగర్‌కర్నూల్ జిల్లాకు చెందిన కిన్నెర కళాకారులు దర్శనం మొగిలయ్య. పన్నెండు మెట్ల కిన్నెర మీద ఆయన వినిపించే కథలకు 2022లో పద్మశ్రీ ఇచ్చారు. 2024లో ఆయన హైదరాబాద్ శివారులో ఇండ్ల కట్టడం దగ్గర కూలి పని చేస్తున్న ఫొటోలను పత్రికల్లోనే చూశాం. చూసినవారంతా అయ్యో అన్నారు. నాకు కలిగిన ఆలోచన వేరు. ఇటుకలు మోసిన రోజు ఆయనకు సాయంత్రానికల్లా ఇంత అని లెక్క ప్రకారం కూలి వచ్చి ఉంటుంది. కిన్నెర వాయించిన రోజుల్లో ఎన్నింటికి అట్లా వచ్చింది?

సంస్థానాల సంగతి కూడా చెప్పుకోవాలి, ఎందుకంటే రచయిత భాగ్యం అనగానే మన పెద్దలకు అవే గుర్తుకు వస్తాయి. గద్వాల, వనపర్తి, ఆత్మకూరు, జటప్రోలు ప్రభువులు పండితులకు వార్షికాలు ఇచ్చేవారు. గద్వాలకు విద్వద్గద్వాల అనే పేరే ఉండేది. ఆ కొలువు గడప ఎక్కాలంటే సంస్కృతం రావాలి. సంస్కృతం రావాలంటే ఏ ఇంట్లో పుట్టాలో నేను రాయనక్కర లేదు. పెట్టి పుట్టడమనేది అచ్చంగా అది. 2011 జనగణన నాటికి ఇప్పటి జోగులాంబ గద్వాల జిల్లాలో అక్షరాస్యత సగానికి చేరలేదు. విద్వాంసులకు పేరు మోసిన నేల మీదే చదవగలిగినవారు సగం మంది కూడా లేరంటే, కొందరి రాతను పోషించడానికీ అందరికీ రాత నేర్పడానికీ మధ్య ఎంత దూరముందో తెలుస్తుంది.

ఊరి భూముల లెక్కలు రాసే పట్వారీ కూడా రాతతోనే బతికాడు. మా తాత కాలంలో ‘రాసేటాయన’ అంటే పట్వారీ ఒక్కడే. పహాణీలో ఒక పేరు రాస్తే భూమి వచ్చేది, ఇంకో పేరు రాస్తే పోయేది. కొడుకుకు తండ్రి నుంచి దఫ్తరు, దఫ్తరుతోపాటు ఊరి మీద పట్టు వచ్చేవి. పోతన కవి నాగలి పట్టి బతికాడన్న ఐతిహ్యాన్ని రచయితల ఆత్మగౌరవానికి గుర్తుగా ప్రతి సభలోనూ చెబుతారు. మంచిదే. కానీ దున్నుకోవడానికి ఆయనకు పొలం ఉంది. పొలం లేని వాడి ఆత్మగౌరవం సంగతి ఆ కథలో రాదు.

పత్రికలు వచ్చాక పరిస్థితి మారిందా అంటే, కొంత మారింది. మహబూబ్‌నగర్ నుంచి 1913లో హితబోధిని వచ్చింది. నల్లగొండ నుంచి 1922లో షబ్నవీసు వెంకటరామ నరసింహారావు నీలగిరి నడిపారు. ఫార్సీలో షబ్ అంటే రాత్రి, నవీస్ అంటే రాసేవాడు. పగలు పొట్టకు, రాత్రి కథకు రాసే నావంటి వాడికి ఇంతకంటే సరిపోయే ఇంటిపేరు దొరకదని అప్పుడప్పుడు అనుకుంటాను. గోలకొండ పత్రికను 1926 నుంచి నడిపి, 1934లో 354 మంది కవులతో సంచిక వేసి తెలంగాణలో కవులే లేరన్న మాటకు జవాబిచ్చిన సురవరం ప్రతాపరెడ్డి న్యాయశాస్త్రం చదివిన వకీలు. పాలమూరు ఊరూరి చరిత్రను తవ్వి పోసిన కపిలవాయి లింగమూర్తి పాలెం ప్రాచ్య కళాశాలలో తెలుగు చెప్పారు. 2021లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం పొందిన గోరటి వెంకన్న సహకార శాఖలో ఉద్యోగం చేశారు. పేర్లు చెప్పింది వారిని తక్కువ చేయడానికి కాదు. మా నేల మీద నిలబడ్డ ప్రతి పెద్ద రాత వెనుకా ఒక జీతమో, వకాలతో, పొలమో ఉన్నదని చూపడానికే. అకాడమీ పురస్కారం మొత్తం 1 లక్ష రూపాయలు. అది జీవితంలో ఒక్కసారి వచ్చేది, అదీ ఏటా తెలుగు మొత్తానికి ఒకరికి.

అయితే అసలు భాగ్యం ఎక్కడ ఉంది? నా ఇంట్లో చూపిస్తాను. మా ఇంటామె అంగన్‌వాడీ టీచర్. నా కథలు అచ్చయిన ఇన్నేళ్లూ కిరాయి, పిల్లల ఫీజులు ఆమె డబ్బుతో కట్టాం. 2023 సెప్టెంబరులో అంగన్‌వాడీ టీచర్లు, ఆయాలు సమ్మెకు దిగినప్పుడు వాళ్లకు ఇచ్చేది జీతం కాదని, గౌరవ వేతనమని అధికారులు అన్న మాట పేపరులో వచ్చింది. ఆ రాత్రి అన్నం పెడుతూ ఆమె “నాదేమొ గౌరవ వేతనమట, నీదేమొ పారితోషికమట. ఇంట్ల ఎటు జూసినా గౌరవమే. తినేది కంట్రోలు బియ్యం” అన్నది. నవ్వాను గాని నాకు ముద్ద దిగలేదు. నేను రాత్రి పది నుంచి పన్నెండు వరకు కథ రాసుకోగలగడానికి ఆమె తెల్లవారు నాలుగున్నరకు లేవడం కారణం. పోచంపల్లి, పుట్టపాక వైపు మగ్గం మీద కూర్చున్నాయనను అందరూ కళాకారుడంటారు. ఆ చీరకు ఆసు పోసి, అంటే చెయ్యి ఆడిస్తూ నూలు చుట్టి చుట్టి, భుజం పట్టేసిన ఇల్లాలి పేరు ఎవరూ అడగరు. మా ఇంట్లోనూ అంతే. నాకు దక్కిన భాగ్యమంటూ ఉంటే అది ఆమె పడిన కష్టం. దానికి నేను ఆమెకు రుణపడి ఉంటాను, పత్రికకు కాదు.

అచ్చంపేట వైపు ఒక స్కూలు టీచరమ్మ ఉన్నారు. పదేళ్ల కింద మూడంటే మూడు కథలు రాసి ఆపేశారు. నాకు తెలిసి ఆ తరంలో ఈ జిల్లాల నుంచి వచ్చిన మంచి కథల్లో అవి ఉంటాయి. ఎందుకు ఆపారమ్మా అని ఒకసారి అడిగాను. “ఉద్యోగం ఉంది, డబ్బు కోసం కాదు అన్నా. కానీ సెలవు రోజు గది తలుపు వేసుకొని కూచుంటే, ఏం జేస్తున్నవ్, దాంతోని ఏమొస్తదని మా అత్తమ్మ అడుగుతది. చెప్పడానికి ఒక అంకె కూడా లేదు నా దగ్గర. ట్యూషన్ చెప్పినా తలుపు వేసుకోనిచ్చేవాళ్లు” అన్నారు. నెలకు రెండు వేలు వచ్చినా ఆ గంట ఆమెదై ఉండేది. కూలి అంటే డబ్బు మాత్రమే కాదని, అది తలుపు వేసుకునే హక్కు కూడా అని నాకు ఆ రోజు తెలిసింది. కూలి లేని రాతలో మొదట తప్పుకునేది ఎవరో వేరే చెప్పాలా?

డబ్బు వచ్చే రాతలు లేవా అంటే ఉన్నాయి. పోటీ పరీక్షల గైడ్లు ఉన్నాయి. ఎన్నికలప్పుడు అభ్యర్థి మీద పాట ఉంది, షష్టిపూర్తికి నాయకుడి జీవిత చరిత్ర ఉంది. వార్తలు కూడా ఉన్నాయి. 2001 నుంచి రెండేళ్లు నేను ఒక పత్రికకు మా మండల విలేకరిగా పనిచేశాను. అచ్చయిన వార్తను స్కేలుతో కొలిచి, సెంటీమీటర్ల లెక్కన నెలాఖరుకు డబ్బు ఇచ్చేవారు. నా జీవితంలో పేపరు రాతకు కొలత పెట్టి ఇచ్చింది అదొక్కటే, కాబట్టి ఆ స్కేలు మీద నాకు ఇప్పటికీ గౌరవం ఉంది. బోరు బావి ఎండి అప్పుల పాలైన రైతు మీద రాసిన వార్త ఏడు సెంటీమీటర్లు వచ్చింది. దాని మీద వచ్చింది ఆ ఊరికి పోయిరావడానికి పోసిన పెట్రోలుకు సరిపోలేదు. ఆగస్టు 15కు, జనవరి 26కు సర్పంచులు, కాంట్రాక్టర్ల దగ్గర ప్రకటనలు తేవాలని మాత్రం గట్టి లెక్క ఉండేది. ఎవరి మీద రాయాలో వారి దగ్గరికే ప్రకటన కోసం పోవాల్సి వచ్చిన రోజున ఆ పని మానేశాను. రాతకు డబ్బు ఇస్తే రాత చెడిపోతుందని వాదించేవారికి నా అనుభవం ఇది. రాతను చెడగొట్టింది సెంటీమీటరు మీద ఇచ్చిన రూపాయి కాదు, ఆ రూపాయి చాలక పెట్టిన ఇంకో లెక్క.

నా చేతులూ అంత శుభ్రం కావు. మూడేళ్ల కింద ఒక యూట్యూబ్ చానల్ నడిపే యువకుడు, చండూరు వైపు నుంచి వచ్చిన పాట రాసే పిల్లవాణ్ణి వెంటబెట్టుకొని నా బల్ల దగ్గరికి వచ్చాడు. వంద రూపాయల బాండు పేపరు మీద ఒప్పందం రాయమన్నారు. పాటకు మూడు వేలు, దాని మీద సమస్త హక్కులు, ఇప్పటివి, ఇక ముందు పుట్టబోయేవి, చానల్‌వే. నేను అట్లాగే రాశాను. నాకు రెండు వందలు ఇచ్చారు. కింద ‘ఈ కాగితం రాసినవారు’ అన్న చోట నా సంతకం పెట్టాను. ఆ పాట మా ఊళ్ల పెళ్లిళ్లలో, బతుకమ్మ దగ్గర ఇంకా మోగుతూనే ఉంది. వీడియో కింద పాడినామె పేరుంది, ఆడినామె పేరుంది, కెమెరా పట్టినాయన పేరుంది, రాసిన పిల్లవాడి పేరు లేదు. రాసినవాడి పేరు తప్పకుండా ఉన్నది నేను రాసిన ఒప్పందంలోనే, అదీ నా పేరు.

ఆ తర్వాత తెలుసుకున్నాను, 1957 కాపీరైట్ చట్టానికి 2012లో చేసిన సవరణ ప్రకారం, సినిమా పాటైనా విడిగా రికార్డు చేసిన పాటైనా, రాసినవారు రాయల్టీలో తమ సమాన వాటాను వదులుకుంటున్నామని ఒప్పందం చేసుకున్నా అది చెల్లదు. అంటే నేను రాసిన కాగితంలో ముఖ్యమైన వాక్యానికి బలమే లేదు. పిల్లవాడి నంబరు సంపాదించి ఫోన్ చేసి చెప్పాను. “వద్దు సార్, మల్ల వాళ్లు పాటలు తీసుకోరు. మూడు వేలన్న వస్తున్నయి, చానామందికి అవి గూడ లేవు. నాది మంచి నసీబే” అన్నాడు. వ్యాసకర్త గారు గమనించాలి. మీరు వాడిన భాగ్యం అనే మాట మా పిల్లవాడి నోట్లో నసీబు అయింది. ఆ మాటతోనే వాడు తన హక్కును తానే మూట కట్టి అవతల పెట్టాడు. భాగ్యవంతుడికి అడిగే నోరు ఉండదు.

పుస్తకాల సంగతి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే ఇది మీకు తెలిసిందే. నా రెండో సంపుటం 500 ప్రతులు వేయించడానికి 2016లో ఇంటి చీటీ ఎత్తాం. అమ్మిన దుకాణం వారు ధరలో నలభై శాతం తీసుకున్నారు, లెక్క చెప్పడానికి ఏడాదిన్నర తీసుకున్నారు. నూట యాభై పైచిలుకు ఇంకా మంచం కింద అట్టపెట్టెలో ఉన్నాయి. గ్రంథాలయాలు కొంటాయేమోనని అనుకున్నాను. మనం కట్టే ఇంటి పన్ను మీద రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు అని వసూలు చేస్తారు. ఆ డబ్బు పంచాయతీలు, మున్సిపాలిటీల నుంచి జిల్లా గ్రంథాలయ సంస్థకు చేరితేనే అక్కడ పుస్తకం కొంటారు. ఆ బకాయిల కథ మీ పత్రిక జిల్లా పేజీలోనే ఏడాదికోసారి వస్తుంది. రచయితలకు ఆదాయపు పన్నులో కూడా ఒక దయ ఉంది: పాత పద్ధతిలో పన్ను కట్టేవారికి పుస్తకాల రాయల్టీ మీద 3 లక్షల రూపాయల దాకా మినహాయింపు. ఆ చట్టం రాసిన పెద్దమనిషి తెలుగు కథా రచయితల మీద అంత నమ్మకం ఎట్లా పెట్టుకున్నారో గాని, ఆ మినహాయింపు వాడుకున్నవాణ్ణి ఈ జిల్లాలో నేను చూడలేదు.

సాహిత్యాన్ని అమ్ముకుంటారా అని కొందరు అడుగుతారు. అడిగేవారిలో ఎక్కువమంది ఒకటో తారీకున జీతమో, పింఛనో అందుకునేవారే. వారి పట్ల నాకు గౌరవం తక్కువేమీ లేదు, వారి రాతలు చదివే నేను రాయడం నేర్చుకున్నాను. కానీ జీతం ఉన్నవాడు ఊరికే రాయగలడు కాబట్టి రాత ధర ఊరికే అని స్థిరపడిపోయింది. ఆ ధరకు రాయలేని వాళ్లు, అంటే కూలి దొరకని రోజు పొయ్యి వెలగని ఇంటి పిల్లలు, ఒకటి రెండు కథలు రాసి వెళ్లిపోతున్నారు. పాలమూరు లేబర్ మీద ఎన్నో కథలు వచ్చాయి. మేస్త్రీ అడ్వాన్సు తీసుకొని పుణెకో ముంబయికో పోయి వచ్చిన చేతితో రాసినవి ఎన్ని? వారికి చెప్పడానికి లేక కాదు. చెప్పిన గంటకు కూలి లేక.

కాబట్టి రచనతో బతకడం భాగ్యమా అని అడిగితే నా జవాబు వ్యాసకర్త చెప్పినదానికి తిరగేసి ఉంటుంది. ఇవాళ మన దగ్గర భాగ్యం అన్నది కూలి లేకుండా రాయగలగడం. అది నాకు మా ఇంటామె వల్ల దక్కింది. దక్కని వాళ్ల పేర్లు మీ ఆదివారం పేజీలో కనిపించవు, కాబట్టి వాళ్లు లేరని అనుకుంటాం.

ఇక ఉత్తరం రాసినందుకు అడగవలసింది అడుగుతాను. అర్జీ రాసేవాణ్ణి కాబట్టి చివర ప్రార్థన లేకుండా ముగించడం చేత కాదు. మీ అనుబంధంలో అచ్చయ్యే కథకు, కవితకు, వ్యాసానికి ఎంత ఇస్తారో, ఎన్నాళ్లకు ఇస్తారో ప్రతి వారం ఆ పేజీ అడుగున ఒక చిన్న గళ్లో ప్రకటించండి. చిన్న మొత్తమైనా ఫరవాలేదు, ఏమీ ఇవ్వకపోతే సున్నా అని వేసినా ఫరవాలేదు. నా బల్ల మీద కూడా ఒక అట్ట ముక్క ఉంది: అర్జీ 50, అఫిడవిట్ 100, ఒప్పందం 200. దాన్ని చూసి బేరమాడినవారు ఉన్నారు, రెండడుగులు వేసి పక్క బల్లకు పోయినవారు ఉన్నారు. అంతమాత్రాన నా అర్జీ విలువ తగ్గిందని అన్నవారు ఎవరూ లేరు. పారితోషికం అనే మాట తీసివేసి ఏ మాట పెట్టాలన్నది మీ ఇష్టం. కూలి అంటే మీకు నామోషీ అనిపిస్తే ఫీజు అనండి.

ఆ గళ్లో మొదటి అంకెగా, భాగ్యం గురించిన ఆ వ్యాసానికి వ్యాసకర్త గారికి మీరు చెల్లించిన మొత్తాన్నే వేయగలరని మనవి.

ఇట్లు,
ఒక అర్జీ లేఖరి,
నల్లగొండ